థర్డ్ క్లాసు డాక్టరమ్మ

సర్కారు ఆసుపత్రుల్లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషిని సభకి పిలిస్తే, ఒక శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పించుకుని పంపిస్తారు. మొన్న మెడికల్ ప్రవేశ పరీక్షకి చదువుతున్న పిల్లలు పిలిచారు. శాలువా అయింది, మంచి మాటలూ అయ్యాయి. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీకు ఏ ర్యాంకు వచ్చింది?" అని అడిగింది. "ర్యాంకు కాదమ్మా, క్లాసు. థర్డ్ క్లాసు" అన్నాను. హాలంతా గొల్లుమంది. హాస్యానికి అన్నాననుకున్నారు. నిర్వాహకుడు మైకు అందుకుని, "మేడమ్‌గారి వినయం చూడండి" అన్నాడు. వినయం నా ఒంట్లో ఏనాడూ లేదు. నేను చెప్పింది అచ్చంగా నిజం.

అక్కడ వివరంగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మార్కులు తక్కువొచ్చి మొహం చాటేస్తున్న పిల్లలు ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసం. మార్కులు బాగా వచ్చినవాళ్ళు కూడా చదవొచ్చు, పాపం వాళ్ళకీ నష్టమేమీ లేదు.

మాది వినుకొండ వైపు మెట్ట ఊరు. నేను చెప్పేది అరవైల మొదట్లో సంగతి. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు. పర్చూరు, మార్టూరు అన్నీ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. మేం ముస్లిములం, తరతరాలుగా ఆ నేల మీదే బతికినవాళ్ళం. మా ఇంట్లో తిట్లూ ముద్దులూ అన్నీ తెలుగులోనే. మా నాయనకి మిరప తోట, దాని పక్కన కాస్త పత్తి. మా ఊరి నుంచి గుంటూరు వెళ్ళి కాలేజీ చదువు చదివిన మొదటి ఆడపిల్లని నేనే.

డాక్టరు కావాలన్న పట్టుదల నాకు ఊరికే రాలేదు. మా చుట్టుపక్కల ఆడ డాక్టరు అన్న మాటే లేదు. ఆడవాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే మొగుడు వెళ్ళి డాక్టరుకి చెప్పేవాడు. డాక్టరు ఆ చెప్పినదాన్ని బట్టి ఒక సీసా మందు కలిపి ఇచ్చేవాడు. రోగం ఒకరిది, చెప్పేది ఇంకొకరు. ఆ మొగుడు దారిలో సగం మర్చిపోయి, మిగతా సగం సొంతంగా కల్పించి చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ ఇది చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

బి.ఎస్సీ. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి నా పరిస్థితి ఇదీ: జువాలజీ అంటే ప్రాణం, కెమిస్ట్రీ అంటే దడ. కెమిస్ట్రీలో పోయేది ఎలాగూ పోతుంది, జువాలజీలో బాగా తెచ్చుకుంటే ఆ గుంట పూడుతుంది, మెడికల్ సీటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు అని నా ఆశ. ప్రాక్టికల్సుకి ముందు చదువుకుందామని ఇంటికొచ్చాను.

అప్పుడు కల్లం నిండా మిరపకాయ ఆరబోసి ఉంది. ఎండలు మొదలైన ఆ రోజుల్లో ఎవరూ అనుకోని మబ్బు పట్టింది. ఎండిన కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. నాయన కల్లంలోంచి, "ఇంట్లో ఉన్నోళ్ళంతా రండే!" అని కేకేశాడు. పుస్తకం పడేసి పరుగెత్తాను. కుప్పలు పోశాం, పట్టాలు కప్పాం. అయినా ఒక పక్క కాయ తడిసింది. వాన వెలిశాక ఆ తడిసి చితికిన కాయనంతా చేతులతో ఏరి వేరు చేశాం. పొద్దుగూకేదాకా అదే పని.

మిరప మంట గురించి మీకు కాస్త చెప్పాలి. అది నిప్పు తగిలినట్టు అప్పటికప్పుడు తెలియదు. పని చేస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా రాజుకుంటుంది. నీళ్ళు తగిలితే పెరుగుతుంది. వేడినీళ్ళు తగిలాయా, ఇక చెప్పనక్కర్లేదు. చేతులు చూస్తే మాత్రం ఏమీ ఉండదు, మామూలుగానే కనిపిస్తాయి. అందుకే మా వైపు ఆడవాళ్ళు కల్లం నుంచి రాగానే నీళ్ళు ముట్టుకోరు. ముందు చేతులకి ఆముదం పట్టించి, గుడ్డతో తుడిచేసి, ఆ తర్వాతే కడుక్కుంటారు. ఆ పూట కాయ దక్కిందన్న సంబరంలో నేను ఆముదం మాటే మరిచాను. బావి దగ్గర చేతులు కడుక్కుని, కప్పని కోసే పద్ధతి చదువుకుంటూ పడుకున్నాను.

పొద్దున్నే ప్రయాణం. మా నాయనమ్మ పొయ్యి మీద కాగు నిండా నీళ్ళు పెట్టేసింది. "పరీచ్చకి పోయే పిల్ల తలంటుకోకుండా పోతుందటే? ఎక్కడన్నా ఉందా?" అంది. వేడినీళ్ళు, కుంకుడుకాయ రసం, తల రుద్దుకునేదేమో నా మిరప చేతులతో. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మాడు మండింది, మెడ మండింది, కళ్ళలోకి కుంకుడు రసం దిగిందని కళ్ళు నులుముకున్నాను. ఇక ఆ కళ్ళు నావి కావు. కళ్ళు తడి గుడ్డతో అదుముకుంటూనే బస్సెక్కి గుంటూరు వెళ్ళాను.

పరీక్ష గదిలో మంట కాస్త నెమ్మదిస్తుందేమోనని అక్కడున్న స్పిరిటు చేతులకి రుద్దుకున్నాను. ఒక్క క్షణం చల్లగా అనిపించి, ఆ తర్వాత వేళ్ళ మధ్య ఉన్న మంటంతా మణికట్టు దాకా పాకింది. మైక్రోస్కోపులో కన్ను పెడితే నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. కప్పని కోస్తుంటే కత్తెర జారి, చూపించాల్సిన రక్తనాళం తెగిపోయింది. పై ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా బల్ల దగ్గర ఆగారు.

"ఎందుకేడుస్తున్నావు?"

"ఏడవట్లేదు సార్. నిన్న మిరపకాయలు ఏరాను. చేతులూ కళ్ళూ మండుతున్నాయి."

ఆయన నా చేతులు తిప్పి తిప్పి చూశారు. "ఎరుపు లేదు, పొక్కు లేదు. మంట ఎక్కడుంది?"

"ఉంది సార్."

"చదవకుండా వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మార్కులు పడవమ్మా. ఆడపిల్లలందరిదీ ఇదే వరస" అని ముందుకెళ్ళిపోయారు.

నాకు అప్పటిదాకా ఏడుపు రాలేదు. ఆ మాటతో నిజంగానే వచ్చింది. నొప్పి కన్నా, ఉన్న నొప్పిని లేదనిపించుకోవడం ఎక్కువ బాధ. అది నా ఒంటి మీద నేర్చుకున్న పాఠం.

జువాలజీ మార్కులు నేలకి దిగాయి. కెమిస్ట్రీ అంతకుముందే నేల మీద కూర్చుని ఉంది. రెండూ కలిసి నన్ను థర్డ్ క్లాసుకి లాక్కొచ్చాయి. మా నాయన ఆ కబురు విని ఖాళీ కల్లం వైపు చూశాడు. తర్వాత, "నిన్ను కల్లంలోకి పిలవకుండా ఉండాల్సింది. నా కాయ దక్కింది గాని నీ చదువు పోయింది" అన్నాడు. ఊరందరి ముందూ పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి, నా చదువు మాటెత్తితే చాలు ఆ తర్వాత తలొంచుకునేవాడు. అది చూడలేకపోయేదాన్ని. డాక్టరు కావాలన్న కోరిక అంతకుముందు నాది. అప్పటి నుంచి సగం ఆయన కోసం.

ఇంట్లో కూర్చుంటే పెళ్ళి మాటలు మొదలవుతాయని పర్చూరు పక్క ఊళ్ళో హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ట్రైనింగు లేదు, క్లాసూ లేదు. అయినా బి.ఎస్సీ. చదివినవాళ్ళు ఆ రోజుల్లో దొరికేవాళ్ళు కాదు కాబట్టి తీసుకున్నారు. ఊరి చుట్టూ పొగాకు బ్యారన్లు, పచ్చాకుని పొయ్యి వేడికి ఆరబెట్టే కొట్లు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా అక్కడ మంట కనిపెట్టుకుని ఉండి, క్లాసులో సగం మంది పిల్లలు నిద్రమొహాలతో వచ్చేవాళ్ళు.

మా హెడ్మాస్టరు పొట్టి మనిషి, పెద్ద నోరు. మొదటి రోజే పిలిచి, "అమ్మాయ్, నీకు రాని సబ్జెక్టు ఏదో చెప్పు" అన్నారు.

"కెమిస్ట్రీ అండి."

"అయితే ఎస్.ఎస్.ఎల్.సి. క్లాసుకి కెమిస్ట్రీ నువ్వే చెప్తున్నావు."

"నాకు రాదన్నాను కదండీ!"

"అందుకేగా! వచ్చినవాడు గబగబా చెప్పి పోతాడు. రానిదానివి నువ్వైతే ముందు నేర్చుకుని చెప్తావు."

ఆయన్ని ఆ రోజు మనసులో తిట్టుకున్నాను. ఆ తర్వాత ఎన్నో పెద్ద చదువులవాళ్ళ దగ్గర చదువుకున్నాను గాని, అంత పనికొచ్చిన మాట ఇంకొకరు చెప్పలేదు. కాలేజీలో లెక్చరరు చెప్పింది రాసుకోవడమే తప్ప, ఎందుకు అని నేను ఎప్పుడూ అడగలేదు. ఇక్కడ పిల్లలు అడిగేవాళ్ళు. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది గదా, నూనె ఎందుకు కరగదు? ఇంటికెళ్ళి పుస్తకం తీస్తే గాని మర్నాడు క్లాసుకి వెళ్ళే మొహం ఉండేది కాదు. ఒకరోజు బోర్డు మీద సమీకరణం రాస్తూ రాస్తూ, ఇది నాకు అర్థమవుతోందని గమనించాను. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు నేను తప్పు రాశాననుకున్నారు.

మొదటి ఏడాది మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకే పిలవలేదు. డిగ్రీ చదివినవాళ్ళకి ఏవో కొద్ది సీట్లు ఉండేవి. మార్కులు చూసి కొందరిని పిలిచి, పెద్ద డాక్టర్లు కూర్చుని ప్రశ్నలు వేసి తేల్చేవాళ్ళు. రెండో ఏడాది ఎలాగో పిలుపు వచ్చింది. పిలిచినవాళ్ళలో అట్టడుగు మార్కులు నావే అయ్యుంటాయి. ఆ పై ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. అంటే ఇది దక్కితే డాక్టర్ని, లేకపోతే ఆ స్కూల్లోనే రిటైరవుతాను.

స్టాఫు రూములో నా ఇంటర్వ్యూ అందరి ఇంటి పెళ్ళి అయిపోయింది. తలా ఒక సలహా. వాటిలో గట్టి సలహా తెలుగు మాస్టారిది. ఆయన పంచెకట్టు, నశ్యం డబ్బా, ప్రపంచంలో ప్రతి చిక్కుకీ ఆయన దగ్గర ఒక ఉపాయం.

"మార్కులెందుకు తగ్గాయని అడుగుతారమ్మా. టైఫాయిడ్ అను. టైఫాయిడ్ అంటే ఎవడూ మారుమాట్లాడడు. ఎంత గౌరవమైన జబ్బనుకున్నావు!"

"నాకు రాలేదు కదండీ."

"రానివాళ్ళు చెప్పేదే అది. వచ్చినవాళ్ళకి చెప్పే ఓపిక ఎక్కడుంటుంది?" అని, తన బావమరిదికి తెలిసిన డాక్టరు చేత సర్టిఫికెట్ కూడా రాయించుకొచ్చారు. మనిషి మనసు మంచిది. కాదనలేక సంచిలో పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూ రోజున నాయన తోడొచ్చాడు. ఉతికిన పంచె, భుజాన కండువా. కాలేజీ వరండాలో సూటు వేసుకున్న తండ్రులు, కారుల్లో వచ్చిన తల్లులు. నాయన ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు, బెంచీ మీద చోటున్నా కూర్చోలేదు. నా చెవి దగ్గర, "అమ్మా, మాస్టారు చెప్పినట్టే టైఫాయిడని చెప్పు. మిరపకాయలని చెప్పమాక. కల్లంలో పనిచేసే పిల్లకి డాక్టరీ ఎందుకనుకుంటారు" అన్నాడు. నేను తలూపాను. నిజం చెప్తున్నాను, ఆ నిమిషానికి అలాగే చెబుదామనే ఉన్నాను.

నా ముందు పేరు పిలిచిన కుర్రాడు లోపలికి వెళ్ళి, చాలాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చాడు. వచ్చీ రాగానే, "అక్కా, టైఫాయిడని మాత్రం అనకండి. ఏ వారంలో ఒంటి మీద మచ్చలొచ్చాయి, జ్వరం పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని అడిగారు. చివరికి బోర్డు మీద జ్వరం గీత గీయమన్నారు" అన్నాడు. పాపం వాడికీ ఎవరో ఒక మాస్టారు ఉండి ఉంటాడు. రోగాలు చూసి చూసి తలలు నెరిసినవాళ్ళ దగ్గరికి పోయి లేని రోగం చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే కదా! నాకు భయం పోయి నవ్వొచ్చింది. అంతలో నా పేరు పిలిచారు.

బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో సన్నగా ఉన్న ముసలాయన, ప్రిన్సిపాలు. ఒక పక్క లావుపాటి సర్జన్. ఇంకో పక్క తెల్లచీరలో ఒక డాక్టరమ్మ. నేను అంతవరకు దగ్గర్నించి చూసిన మొదటి ఆడ డాక్టరు ఆవిడే.

సర్జనుగారు నా పేరు చూసి ఉర్దూలో ఏదో అడిగారు. "నాకు ఉర్దూ రాదండి. తెలుగే" అన్నాను.

"అదేం? ఇంట్లో మాట్లాడరా?"

"మా ఊళ్ళో మావాళ్ళెవరికీ రాదండి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని నా మార్కులు చూశారు. ఒకసారి చూసి, కాగితం దూరంగా పెట్టుకుని ఇంకోసారి చూశారు. "కెమిస్ట్రీ ఇలా ఉంది. జువాలజీ ప్రాక్టికల్ ఇంకా ఘోరం. నీకేం జబ్బు చేసింది?"

ఆ గొంతులోని వెటకారం వినగానే నా సంగతి మీకు తెలుసుగా, ఇక ఆగలేదు.

"జబ్బేం చెయ్యలేదండి. కెమిస్ట్రీ రాక పోయింది. జువాలజీ మిరపకాయల వల్ల పోయింది."

"మిరపకాయలా?"

చెప్పాను. వాన, కల్లం, తడిసిన కాయ, మా నాయనమ్మ కాగు, కుంకుడు రసం, స్పిరిటు, అన్నీ చెప్పాను. డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సర్జనుగారు కుర్చీలో వెనక్కి వాలి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు.

"కెమిస్ట్రీ తప్పు మద్దెల మీద పెట్టలేదు గదండీ. అది నాకు రాకే పోయిందన్నాను" అన్నాను.

ప్రిన్సిపాలుగారు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "ఆగండి. ఆ అమ్మాయి చెప్పేది విందాం. చేతులు మండితే ఎర్రబడాలి కదా. ఎగ్జామినర్‌కి చూపించావా?"

"చూపించానండి. ఏమీ కనబడలేదు ఆయనకి. మిరప మంట పైకి కనబడదండి. అందుకే నమ్మలేదు. ఏడుస్తున్నానన్నారు."

"కనబడనిదాన్ని ఆయన ఎలా నమ్ముతాడు? నువ్వే ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేదానివి?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధపడి రాలేదు. ఏ మాస్టారూ చెప్పలేదు. మనసులో ఉన్నది నోటికొచ్చింది. "అడిగేదాన్నండి."

"ఏమని?"

"మంట ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం పని చేశావు, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది అని. వేడినీళ్ళతో ఎక్కువైందంటే, ఆముదంతో తగ్గుతుందంటే, అది ఏడుపు కాదని తెలిసిపోయేది. నా చేతుల్ని చూశారు గాని నన్ను ఒక్క మాట అడగలేదండి ఆయన."

ఇప్పుడు తల్చుకుంటే ఇంత తెగువ ఎక్కడిదా అనిపిస్తుంది. నా మాట ఏమన్నా పెడసరంగా ఉందేమోనని అన్నాక అనిపించింది. డాక్టరమ్మ కొంగు దించి ముందుకు వంగారు. "స్పిరిటు రాస్తే ఎందుకు పాకింది?" అని మెత్తగా అడిగారు.

"కారం నీళ్ళలో కరగదండి, నూనెలో కరుగుతుంది, స్పిరిటులోనూ కరుగుతుంది. నేను తుడిచి పారెయ్యకుండా రుద్దుకున్నాను. కరిగిన కారాన్ని చెయ్యంతా నేనే పూసుకున్నానన్నమాట."

"కెమిస్ట్రీ రాదన్నావు?"

"అప్పుడు రాదండి. ఇప్పుడు ఎస్.ఎస్.ఎల్.సి. పిల్లలకి చెప్తున్నాను. రాకుండా చెప్తే వాళ్ళు ఊరుకోరండి."

సర్జనుగారు గట్టిగా నవ్వేశారు. ఆ నవ్వులో వెటకారం లేదు. ఆ తర్వాత ఆయనే కెమిస్ట్రీలో వరసగా ప్రశ్నలు వేశారు. రెండింటికి తడబడ్డాను, మిగతావి చెప్పాను. తడబడ్డ చోట తెలియదనే చెప్పాను. వెళ్ళమన్నారు. బయటికొస్తే నాయన స్తంభం దగ్గరే ఉన్నాడు.

"టైఫాయిడని చెప్పావా?"

"లేదు నాయనా. మిరపకాయలని చెప్పాను."

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో తల్లీ" అన్నాడు. బస్సులో వినుకొండ దాకా ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. తెలుగు మాస్టారు మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, అంత మంచి సర్టిఫికెట్ వృథా చేశానని.

సీటు ఇచ్చినట్టు కబురు స్కూలుకే వచ్చింది. హెడ్మాస్టరు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ చదివారు. పిల్లలు అరిచిన అరుపుకి పక్క బ్యారన్‌లో పనివాళ్ళు గోడెక్కి చూశారు. తెలుగు మాస్టారు నశ్యం పీల్చి, "నేను ముందే అన్నాను, ఈ పిల్ల తెగువ చాలని" అన్నారు. ఎప్పుడన్నారో నాకు తెలియదు గాని, కాళ్ళకి దణ్ణం పెట్టాను. హెడ్మాస్టరు ఒక్కరే చిరాగ్గా ఉన్నారు. "కెమిస్ట్రీ చెప్పేది దొరికిందనుకుంటే ఎత్తుకుపోతున్నారు. నేనిప్పుడు ఎవర్ని తేను?" అని గొణిగారు. ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులన్నిటిలో అదే పెద్దది.

మూడో ఏడు వార్డులోకి వెళ్ళాక మా ప్రొఫెసరు మొదటి పాఠంగా, రోగిని తాకకముందు ఏం అడగాలో రాయించారు. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. నేను క్లాసులోనే ఫక్కున నవ్వాను. ఆయన బయటికి పొమ్మన్నారు. సంతోషంగా బయట నిలబడ్డాను.

అది తర్వాతి మాట. సీటు కబురు అందిన రోజే మధ్యాహ్నం బస్సుకి మా ఊరు బయల్దేరాను. రోడ్డు పక్క చేలో అమ్మా, ఇంకొంతమంది ఆడవాళ్ళూ కలుపు తీస్తున్నారు. నాయన అవతలి గట్టు చెక్కుతున్నాడు. బస్సు దిగి రోడ్డు మీద నుంచే, "వచ్చింది!" అని అరిచాను. నాయన పార అక్కడే వదిలేసి, చేలోకి అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. ఎంత అరిచినా వినబడని దూరంలో ఉన్న మనిషికి ఎలా అర్థమైందో! దగ్గరికొచ్చి, "మిరపకాయలని చెప్పినా ఇచ్చారా?" అన్నాడు.

"చెప్పబట్టే ఇచ్చారు నాయనా."

ఆయన అక్కడే గట్టు మీద కూలబడి పెద్ద గొంతుతో నవ్వాడు. రెండేళ్ళుగా ఆ గొంతు వినలేదు నేను. ఊరి వైపు తిరిగి, దారిన పోయే ప్రతి బండినీ ఆపి, "మా పిల్ల డాక్టరు చదవబోతోంది, మా కాయలు ఏరిన పిల్ల!" అని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు. ఒక పెద్దావిడ చీర పైకి లాగి మోకాలు చూపించింది. "అయితే ఇది చూడవే ముందు. కూర్చుంటే లేవలేకపోతున్నా."

"నేనింకా కాలేజీలో కాలు పెట్టలేదత్తా!"

"పెడతావుగా! చదివేది తర్వాత చదువుకో, ముందు విను."

ఆవిడ చెప్పింది. ఆవిడ వెనకాల ఇంకొకావిడ నడుము, ఆ వెనక ఇంకొకరి తలనొప్పి. మందు ఏదీ నాకు తెలియదు. అయినా గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరిదీ విన్నాను. ఒక్కరి మొగుడూ మధ్యలో లేడు. చెప్పడం అయిపోయినవాళ్ళు మందు ఇచ్చినంత తృప్తిగా కొంగు దులుపుకుని మళ్ళీ కలుపులోకి దిగారు.

అందరూ అయ్యాక అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలోని గడ్డిపరక తుంచుతూ, ఎవరూ వినడంలేదని అటూ ఇటూ చూసుకుని, "నాక్కూడా ఉందే" అంది. కడుపులో నొప్పి. నా చిన్నప్పటి నుంచీ ఉన్న నొప్పి. ఇంట్లో ఎవరికీ తెలియదు, నాయనకి కూడా. నేను కాలేజీలో చేరాక మొదటి పనిగా ఆ తెల్లచీర డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆపరేషనైంది, బాగైంది, ఆ తర్వాత చాలాకాలం మా అమ్మ తోటకి నాకన్నా చురుగ్గా నడిచి వెళ్ళింది. కానీ ఆ మధ్యాహ్నం అవేవీ నాకు తెలియవు.

"ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

అమ్మ నవ్వింది. "ఎవరితో చెప్పను? మనింట్లో డాక్టరు లేదుగా" అంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "ఇప్పుడుంది" అంది.